వేడిని చదివే వెలుగు – డాక్టర్ సూరి భగవంతం గారు

మన సంఘం ప్రత్యేక సంచికలో ప్రతిసారీ ఒక ప్రముఖుని జీవిత విశేషాలు వేయడం ఆనవాయితీ. దేశ నాయకుల గురించి, కవుల గురించి మిత్రులు బాగానే రాశారు. సైంటిస్టుల వంతు మాత్రం ఇంతవరకు రాలేదు. ఆ లోటు తీర్చమని సంపాదకవర్గం వారు అడగగా నాకు వెంటనే స్ఫురించిన పేరు డాక్టర్ సూరి భగవంతం గారిది. కారణం చెబితే కొందరికి నవ్వు రావచ్చు. ఆయన పేరు నా దాకా వచ్చింది నాంపల్లిలో కాలిపోయిన ఒక కేబుల్ మూలంగా.

సర్వీసు చివరి సంవత్సరాల్లో నేను ఆప్టికల్ ఫైబర్ కేబుళ్ల పనిలో ఉండేవాణ్ణి. ఒక వేసవిలో నాంపల్లి స్టేషన్ దగ్గర రోడ్డు పక్కనున్న చెత్తకుప్పకు ఎవరో నిప్పు పెట్టారు. ఆ పక్కనే తవ్విన గోతిలో మా కేబుల్ బయటపడి ఉంది. లైన్లు పోయాయి. అబిడ్స్ వైపు కొసన ఓ.టి.డి.ఆర్. అనే మిషను పెట్టి చూశాం. ఆ మిషను గాజు తీగలోకి ఒక వెలుగు తునకను పంపుతుంది. దారి పొడుగునా గాజు కొద్దికొద్దిగా వెనక్కు చిమ్మే వెలుతురును లెక్కపెట్టి, తీగ ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో తెర మీద గీత గీసి చూపిస్తుంది. తెగినచోటు సరిగ్గా దొరికింది. అయితే దానికి కాస్త ముందే ఆ గీత కొంచెం కిందికి జారి ఉంది. పాత జాయింటు కాబోలని దాన్ని నేను పట్టించుకోలేదు. తెగినచోట అతికించి ఇంటికి పోయాను. వారం తిరక్కుండా, గీత జారిన ఆ చోటే మళ్లీ తెగింది. అక్కడ గాజు బాగానే ఉన్నా పైపూత వేడికి మాడిపోయి ఉంది. పై అధికారి చేత చీవాట్లు తిన్నాను. తప్పు నాదే. వేడి తగిలిన సంగతి వెలుగు చెప్పింది, చదవడం నాకు చేతకాలేదు.

ఆ తరువాత ఈ విద్య గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను. గాజు తీగతో వేడిని కొలిచే పద్ధతుల మూలం ఎక్కడుందా అని వెనక్కు వెతుక్కుంటూ పోతే, దారిలో ఒక తెలుగువారి పేరు పదేపదే తగిలింది. ఆయన చదువుకున్న కాలేజీ గేటు ముందునుంచే నేను ముప్పై ఏళ్లు బస్సులో ఆఫీసుకు వెళ్లివచ్చాను.

భగవంతం గారు 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. గుడివాడలో స్కూలు చదువు ముగించుకొని హైదరాబాదు వచ్చి నిజాం కాలేజీలో చేరారు. అబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వైపు నడిస్తే ఫతే మైదానం పక్కన కనిపించే కాలేజీయే అది. 1887లో స్థాపించారు. నిజాం సంస్థానంలో ఉన్నా పరీక్షలు మాత్రం మద్రాసు యూనివర్సిటీవి, చదువు ఇంగ్లీషులో. ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పే ఉస్మానియా యూనివర్సిటీ అప్పటికి అడిక్‌మెట్‌కు తరలిపోలేదు. గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని బంగళాల్లోనే నడుస్తుండేది. పాతికేళ్లు తిరగకముందే తాను ఆ పొరుగు యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా వస్తానని ఆ కుర్రవాడు ఊహించి ఉండడు.

ఇక్కడ ఫిజిక్సుతో బి.ఎస్సీ. ముగించి 1928లో ఆయన కలకత్తా వెళ్లారు. వయస్సు పంతొమ్మిది. వెళ్లిన చోటు సి.వి. రామన్ గారి దగ్గర. ఆ ఏడాది ఫిబ్రవరి 28నే రామన్ ఎఫెక్టు బయటపడింది. బౌబజార్ వీధిలోని ఆ పాత భవనం వైపు ప్రపంచమంతా చూస్తున్న రోజులవి.

రామన్ ఎఫెక్టు అంటే ఏమిటో మన ఇళ్లలోని పిల్లలు పరీక్షలకు బట్టీ పడతారు గాని, విషయం చాలా తేలిక. ఒకే రంగు వెలుగును ఒక పదార్థం మీదికి పంపితే, చెదరి వచ్చే వెలుగులో దాదాపు అంతా అదే రంగులో ఉంటుంది. అతి కొద్ది భాగం మాత్రం రంగు మార్చుకొని వస్తుంది. పదార్థంలోని అణువులు నిలకడగా ఉండవు, ఊగుతుంటాయి. వెలుగు తన శక్తిలో కొంత ఆ ఊపుకు ఇచ్చి వస్తే రంగు ఎరుపు వైపు జరుగుతుంది. అప్పటికే ఊగుతున్న అణువు నుంచి కొంత శక్తి పుచ్చుకొని వస్తే నీలం వైపు జరుగుతుంది. మొదటిది ఎప్పుడూ ఎక్కువ, రెండోది తక్కువ. కాని పదార్థం వేడెక్కేకొద్దీ ఊగే అణువుల సంఖ్య పెరుగుతుంది కనుక రెండోది గబగబా పెరుగుతుంది. ఈ రెండింటి నిష్పత్తి చూస్తే చాలు, పదార్థాన్ని ముట్టుకోకుండానే దాని వేడి తెలుస్తుంది.

కలకత్తాలో నాలుగేళ్లపాటు భగవంతం గారి పని ఈ రంగు మారిన వెలుగుతోనే. 1930లో ఆయన వజ్రంలో రామన్ ఎఫెక్టును పరిశోధించారు. గోలకొండ పక్కన చదువుకున్న విద్యార్థికి వజ్రం తగిలిందే అనుకుంటే ముచ్చటగా ఉంటుంది. వజ్రమూ, పెన్సిల్‌లోని గ్రాఫైటూ, రాకెట్లకు వాడే కార్బన్ పోగులూ అన్నీ ఒకే మూలకం. కార్బన్ పోగు ఎంత చక్కగా తయారైందో, ఎంత వేడిలో కాల్చారో చూడడానికి ప్రయోగశాలల్లో ఈనాటికీ దాని రామన్ గీతలనే చూస్తారు. 1931లో రామన్ గారితో కలిసి ఆయన చేసిన మరో ప్రయోగం కాంతి కణానికి స్పిన్ అనే గుణం ఉందని చూపింది. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. మనవాళ్లలో చాలామందికి ఆ వయస్సులో మొదటి ఉద్యోగం ఆర్డరు కూడా చేతికి రాలేదు.

ఆ వజ్రాలు, అద్దాలు, పాదరసపు దీపాలు ఉన్న గది నుంచి మన గాజు తీగ దాకా రావడానికి అర శతాబ్దం పట్టింది. 1980లలో ఇంగ్లండులోని పరిశోధకులు ఓ.టి.డి.ఆర్. పద్ధతికి రామన్ నిష్పత్తిని జోడించారు. వెలుగు తునక తీగలో వెళ్తుంటే ప్రతి చోటు నుంచీ వెనక్కు వచ్చే రెండు రంగులనూ విడదీసి కొలుస్తారు. ఎంతసేపటికి తిరిగి వచ్చిందో దాన్నిబట్టి చోటు, రెండు రంగుల నిష్పత్తినిబట్టి వేడి తెలుస్తాయి. కిలోమీటర్ల పొడుగున్న ఒకే తీగ వేలాది థర్మామీటర్ల పని చేస్తుంది. సొరంగాల్లో, కరెంటు కేబుళ్ల వెంట, చమురు బావుల్లో వీటిని వాడుతున్నారు. 2019 జనవరి 30 సాయంత్రం మన నాంపల్లి నుమాయిష్‌లో అంటుకున్న మంటలు వరసపెట్టి స్టాళ్లను బుగ్గి చేసిన దృశ్యం టీవీలో చూసినప్పుడు నాకు మొదట తట్టింది ఈ తీగే. మంట కనబడకముందే ఏ మూల వేడి పెరుగుతోందో అది చెప్పగలదు.

దీనికీ ఒక పరిమితి ఉంది. చోటును గుర్తించడంలో దీని చూపు సాధారణంగా మీటరు దగ్గర ఆగిపోతుంది. సొరంగానికి అది చాలు. విమానం రెక్కకో, రాకెట్ ముక్కుకో చాలదు. అక్కడ వేలెడు మేరలో కొలవాలి. దానికి మరో విద్య కావలసి వచ్చింది. విచిత్రమేమంటే, ఆ విద్యకు అడుగున ఉన్న శాస్త్రంలోనూ భగవంతం గారి చేయి ఉంది.

1932లో ఆయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్చరర్‌గా చేరారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న కాలం అది. ముప్పై నిండకముందే ప్రొఫెసర్ అయ్యారు. 1940లో కాంతి పరిక్షేపణం, రామన్ ఎఫెక్టులపై పెద్ద గ్రంథం వెలువరించారు. గణిత శాస్త్రజ్ఞుడు టి. వెంకటరాయుడు గారితో కలిసి గ్రూపు సిద్ధాంతంపై రాసిన గ్రంథం 1948లో వచ్చింది. నా దృష్టిలో ఆయన జీవితంలో అసలైన పంట ఈ వాల్తేరు కాలమే. తరువాత వచ్చిన పదవులన్నీ ఒక ఎత్తు, ఈ పదిహేనేళ్లూ ఒక ఎత్తు.

అందులోనూ 1942 నాటి పనిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆ ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోవలసి వచ్చింది. ఆ ఏడాదే భగవంతం గారు ఫోటో ఎలాస్టిక్ గుణం మీద ఒక వ్యాసం ప్రకటించారు. గాజునో స్ఫటికాన్నో నొక్కినా సాగదీసినా దానిలో వెలుగు నడిచే వేగం మారుతుంది. ఈ మార్పును లెక్కగట్టడానికి ఏ రకం స్ఫటికానికి ఎన్ని అంకెలు కావాలో పోకెల్స్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పట్టికలు కట్టి పెట్టాడు. లోకమంతా వాటినే వాడుతోంది. కొన్ని తరగతుల స్ఫటికాలకు ఆ పట్టికలు తప్పని భగవంతం గారు గ్రూపు సిద్ధాంతంతో చూపించారు. మామూలు గాజుకు ఈ సవరణతో నిమిత్తం లేదు, దానికి రెండే అంకెలు. కాబట్టి గాజు తీగ సెన్సర్లను ఆయనే కనిపెట్టారని నేను చెప్పడం లేదు. ఆ సెన్సర్లు నడిచే దారికి ఆయన రాళ్లు పరిచారు, అంతే.

ఇప్పుడు మిశ్రమ పదార్థాల సంగతికి వద్దాం. మట్టిగోడకు వరిగడ్డి కలిపి తొక్కడం మనకు తెలిసినదే. మట్టి పట్టి ఉంచుతుంది, గడ్డి పగుళ్లు రాకుండా చూస్తుంది. కార్బన్ పోగులను ఎపాక్సీ అనే జిగురులో పరిచి, ఆటోక్లేవ్ అనే పెద్ద ప్రెషర్ కుక్కరు వంటి పొయ్యిలో 120 నుంచి 180 డిగ్రీల వేడిలో గట్టిపరిస్తే కాంపోజిట్ అనే మిశ్రమ పదార్థం తయారవుతుంది. ఉక్కుకన్నా ఎంతో తేలిక, బలానికి లోటు లేదు. దీని చిక్కల్లా ఏమిటంటే, లోపల దెబ్బ తగిలినా పైకి తెలియదు. అందుకే పరిచేటప్పుడే పొరల మధ్య ఒక గాజు తీగను పెడతారు. ఆ తీగ మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. కార్బన్ పోగుతో పోలిస్తే అదీ లావే, సుమారు ఇరవై రెట్లు. పోగులకు అడ్డంగా పెడితే చుట్టూ జిగురు గుంటలు పడి అసలుకే మోసం వస్తుంది. కాబట్టి పోగుల వెంబడే పెడతారు.

తీగ నడిమి భాగంలో అల్ట్రావయొలెట్ కాంతితో దువ్వెన పళ్లలా సమదూరంలో గీతలు ముద్రిస్తారు. దీన్ని గ్రేటింగు అంటారు. కొద్ది మిల్లీమీటర్ల పొడుగుంటుంది. తెల్లని వెలుగు పంపితే అందులో ఒక్క రంగునే వెనక్కు కొడుతుంది. తీగ సాగితే గీతల ఎడం పెరిగి ఆ రంగు ఎరుపు వైపు జరుగుతుంది. అయితే సాగిన గాజులో వెలుగు నడక కూడా మారి, ఆ జరుగుడులో నూటికి సుమారు 22 పాళ్లు వెనక్కు లాగేస్తుంది. ఆ 22 పాళ్లే ఫోటో ఎలాస్టిక్ గుణం. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ప్రతి కొలతా తప్పే.

వేడెక్కినా ఆ రంగు ఎరుపు వైపే జరుగుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక డిగ్రీకి జరిగేది మీటరులో లక్ష కోట్ల వంతులు పదో పన్నెండో, అంతే. అయినా మిషన్లు దాన్ని పట్టుకుంటాయి. కాని తీగ చెబుతున్నది వేడినా, సాగుదలనా? జ్వరం వచ్చినవాడికీ పరుగెత్తి వచ్చినవాడికీ నాడి ఒకేలా కొట్టుకున్నట్టు, ఈ రెండింటికీ గుర్తు ఒకటే. అందుకని రెండో గ్రేటింగును సన్నని గొట్టంలో వదులుగా ఉంచుతారు. దానికి లాగుడు తగలదు, వేడి ఒక్కటే తగులుతుంది. ఒకదానిలోనుంచి మరొకటి తీసివేస్తే సాగుదల మిగులుతుంది.

పొయ్యిలోనుంచి తీసి చల్లార్చినప్పుడు మరో వింత కనబడుతుంది. జిగురు ముడుచుకుంటుంది, కార్బన్ పోగు తన పొడుగు వైపు దాదాపు ముడుచుకోదు. ఈ పెనుగులాటలో గాజు తీగ పక్కలనుంచి నలుగుతుంది. అప్పుడు గ్రేటింగు వెనక్కు కొట్టే ఒక్క రంగు రెండుగా చీలుతుంది. ఫోటో ఎలాస్టిక్ గుణం కంటికి కనబడేంత స్పష్టంగా బయటపడే చోటిది. మళ్లీ వేడి చేస్తూ పోతే ఆ రెండూ దగ్గరవుతాయి. ఇంకా వేడి పెరిగి జిగురు మెత్తబడితే తీగ మీద దాని పట్టు సడలిపోతుంది. అప్పటినుంచి తీగ చెప్పే సాగుదలను నమ్మకూడదు, వేడిని మాత్రమే నమ్మాలి. కొన్ని వందల డిగ్రీలు దాటితే జిగురు మాడి బొగ్గవుతుంది. కాంపోజిట్ పోయాక కూడా అందులోని గాజు బతికే ఉంటుంది.

గాజు బతికినా పైపూత బతకదు. మనం కేబుళ్లలో చూసే మామూలు పూత వంద డిగ్రీల లోపే తట్టుకుంటుంది. నాంపల్లిలో నన్ను ముంచింది అదే. పాలిఇమైడ్ పూత సుమారు 300 దాకా, బంగారు పూత 700 దాకా నిలుస్తాయి. బంగారు పూత అనగానే మా ఆవిడ, ఆ తీగ ఒక మూర తెచ్చి ఉండవలసింది కదా అన్నది! గ్రేటింగు గీతలకూ ఆయుష్షు ఉంది. మామూలువి నాలుగైదు వందల డిగ్రీల దగ్గర క్రమంగా చెరిగిపోతాయి. ప్రత్యేకంగా కాల్చి మళ్లీ పుట్టించిన గ్రేటింగులు వెయ్యి డిగ్రీల దాకా ఆగుతాయి. ఆపైన గాజు మెత్తబడడం మొదలవుతుంది కనుక నీలమణి జాతి స్ఫటికంతో తీసిన తీగలు వాడాలి. ఆ స్ఫటికం కూడా 2,050 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది.

మళ్లీ జీవిత కథలోకి. 1948 ప్రాంతంలో భగవంతం గారు లండన్‌లో మన హైకమిషన్‌కు సైంటిఫిక్ వ్యవహారాలు చూశారు. అక్కడినుంచి ఉస్మానియాకు వచ్చి, 1952 నుంచి 1957 వరకు వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. సంస్థానం పోయి, భాషా రాష్ట్రం వచ్చిన సంవత్సరాలవి. ఉర్దూ స్థానంలో ఏ భాషలో చదువు చెప్పాలన్న తగువు ఒకవైపు, ముల్కీ ఆందోళన మరోవైపు. ఆయన చదివిన నిజాం కాలేజీ 1947లోనే ఉస్మానియాలో కలిసింది కనుక, ఒకప్పటి విద్యార్థి చేతికిందికి ఆ కాలేజీయే వచ్చింది. ఆ కుర్చీలో కూర్చొని స్ఫటికాల గురించి ఆలోచించే తీరిక ఎంత దొరికి ఉంటుందో ఉద్యోగం చేసిన మనందరికీ తెలుసు. ఫైళ్లు మనిషిని వదలవు.

1957 నుంచి 1962 వరకు బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్‌గా ఉన్నారు. ఆయన తరువాత ఆ కుర్చీలోకి వచ్చినవారు సతీష్ ధావన్ గారు. 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి సైంటిఫిక్ సలహాదారుగా, రక్షణ పరిశోధన సంస్థ అధిపతిగా పనిచేశారు. చైనా యుద్ధం, పాకిస్తాన్ యుద్ధం రెండూ ఆయన హయాంలోనే వచ్చాయి. క్షిపణుల ప్రయోగశాల డి.ఆర్.డి.ఎల్. హైదరాబాదులో స్థిరపడడం, లోహాల ప్రయోగశాల డి.ఎం.ఆర్.ఎల్. ఇక్కడ ఏర్పడడం ఆ తొలి సంవత్సరాల్లోనే జరిగాయి. మన ఇళ్లలోని పిల్లలు కొందరు కంచన్‌బాగ్ బస్సెక్కి ఉద్యోగాలకు వెళ్లారంటే ఆ నిర్ణయాల పుణ్యమే. 1966లో స్ఫటికాల సౌష్ఠవం మీద ఆయన పుస్తకం వెలువడిందంటే, ఢిల్లీ ఫైళ్ల మధ్య కూడా పాత ప్రేమ చావలేదన్నమాట. ఒక మంచి పరిశోధకుణ్ణి పరిపాలన మింగేసిందని కొందరంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఆ ప్రయోగశాలల్లో తరువాత ఏం జరిగిందో తెలుసుకున్నాక అంత గట్టిగా అనలేకపోతున్నాను.

పదవీ విరమణ తరువాతి భగవంతం గారు మన సభ్యుల్లో చాలామందికి పుట్టపర్తి సభల్లో బాబా ప్రసంగాలను ఇంగ్లీషులోకి అనువదించిన పెద్దమనిషిగానే గుర్తు. వజ్రం మీద పనిచేసినది కూడా ఆయనేనంటే నమ్మనివారు మన నెలవారీ సమావేశంలోనే ఉన్నారు.

ఆయన స్వర్గస్థులయినది 1989 ఫిబ్రవరి 6న. ఆ మే నెల 22న చాందీపూర్ నుంచి అగ్ని క్షిపణి తొలిసారి పైకి లేచింది. అది గాలిలోకి తిరిగి దిగేటప్పుడు ముక్కు దగ్గర పుట్టే వేడి రెండున్నర వేల డిగ్రీలను దాటుతుంది. అంత వేడికి జిగురు కాంపోజిట్ పనికిరాదు. కార్బన్ పోగుల మధ్య జిగురుకు బదులు కార్బన్‌నే నింపిన కార్బన్ కార్బన్ కవచాన్ని మన హైదరాబాదు సైంటిస్టులు ఆ పరీక్షకు సిద్ధం చేశారు. దాని తయారీలోనే రెండు వేల డిగ్రీలకు పైన కాల్చవలసి ఉంటుంది కనుక, గాజు తీగను గాని నీలమణి తీగను గాని ముందే లోపల పెట్టడం కుదరదు. వేడి తగలని వెనుక వైపు అతికించి, కవచం దాటి ఎంత వేడి వస్తోందో చూడవలసిందే. ఆ కాంపోజిట్ల విద్యతోనే తరువాత అబ్దుల్ కలాం గారు నిమ్స్ వైద్యులతో కలిసి పోలియో పిల్లలకు తేలికపాటి కాలిపర్లు చేయించారు. మూడు కిలోల పైచిలుకు బరువు కొన్ని వందల గ్రాములకు దిగింది.

అదే 1989లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు తీగ పక్కనుంచే అల్ట్రావయొలెట్ కాంతితో గ్రేటింగు గీతలు ముద్రించే పద్ధతిని ప్రకటించారు. కాంపోజిట్ పొరల మధ్య వేడినీ లాగుడునూ చెప్పే తీగలు లోకమంతా వ్యాపించింది ఆ తరువాతే. ఆ వ్యాసం అచ్చయ్యేసరికి భగవంతం గారు పోయి దాదాపు ఆరు నెలలయింది.